కారు తలుపు బిగుసుకుందా... లాగొద్దు!

ఉప్పుమళ్లున్న నౌపడలో ఇనుము తుప్పు పట్టడం కొత్తేమీ కాదు. అదే ఉప్పును అమెరికా, కెనడాల్లో చలికాలం రోడ్లమీద చల్లుతారు. ఉప్పునీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టదు మరి! అలాగని అక్కడున్న మన పిల్లలు, మంచుకు బిగుసుకున్న కారు తలుపుమీదా ఉప్పు చల్లొచ్చా? వద్దే వద్దు. ఇనుమును తినేస్తుంది.

అసలు సమస్య తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీది. వాననీరో, కరిగిన మంచో అక్కడ చేరి, రాత్రికి గడ్డకట్టి జిగురులా పట్టేస్తుంది. ఆఫీసు హడావుడిలో గట్టిగా లాగితే పట్టీ చిరగొచ్చు, హ్యాండిల్ విరగొచ్చు. వేణ్నీళ్లు పోస్తే అద్దం పగలొచ్చు. పైగా ఆ నీళ్లే మళ్లీ గడ్డకడతాయి.

మరేం చేయాలి? తలుపును ముందు లోపలికి గట్టిగా నొక్కాలి. మంచు పొర పగిలి పట్టు వదులుతుంది. రాకపోతే మిగతా తలుపులు చూడాలి. ఒక్కటి తెరుచుకున్నా హీటరు వేసుకోవచ్చు. అయితే పొగగొట్టం చుట్టూ మంచు తీశాకే ఇంజిన్ ఆన్ చేయాలి. లేదంటే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరి ప్రాణాలమీదికి వస్తుంది.

చలి ముదరకముందే పట్టీలను తుడిచి, ఆరాక, సిలికాన్ స్ప్రేను గుడ్డతో పల్చగా రాస్తే నీరు అంటుకోదు. గ్రీజు, ఇంజిన్ ఆయిల్ మాత్రం వద్దు, రబ్బరు పాడవుతుంది. కారు కడిగిన ప్రతిసారీ తలుపు అంచులు పొడిగా తుడవాలి.

ఈసారి ఫోన్లో 'అన్నం తిన్నావా' అన్నాక ఇదీ అడగండి... 'పట్టీలు తుడిచావా?'