40 పౌండ్ల దగ్గర దొరికిన బిషప్

విండ్సర్ కోటను తిరగగట్టడానికి మూడో ఎడ్వర్డ్ 50,000 పౌండ్లకు పైగా కుమ్మరించాడు. మధ్యయుగపు ఇంగ్లండ్‌లో మరే ఒక్క కోటకూ అంత ఖర్చు కాలేదు. ఆ పనులకు పెద్ద మేస్త్రీలా నిలబడి పైకొచ్చినవాడు విలియం ఆఫ్ వికమ్. ఆనక వించెస్టర్ బిషప్, రాజ్యానికి ఛాన్సలర్. అలాంటివాణ్ని 1376లో శత్రువులు ఎన్నో నేరాలు మోపి నిలదీస్తే, రుజువైంది ఒక్కటి. అదీ 40 పౌండ్ల వ్యవహారం.

1324 ప్రాంతంలో హాంప్‌షైర్‌లోని వికమ్ పల్లెలో పుట్టాడు. తండ్రిది సామాన్య కుటుంబం. ఎవరో పెద్దల చలవతో వించెస్టర్‌లో చదువుకున్నాడు గానీ యూనివర్సిటీ మెట్లెక్కలేదు. ఊరిపేరే ఇంటిపేరైంది.

1356లో విండ్సర్ పనుల పర్యవేక్షణ అతని చేతికొచ్చింది. జీతం రోజుకు ఒక షిల్లింగు, పని మీద ఊళ్లు తిరిగితే రెండు. జీతం కన్నా విలువైనది దాంతోపాటు వచ్చిన అధికారం: రాళ్లు చెక్కేవాళ్లను, వడ్రంగులను ఎక్కడ కనిపిస్తే అక్కడి నుంచి పట్టుకొచ్చి పనిలో పెట్టుకోవచ్చు. చర్చి భూముల్లోని వాళ్లను, వెస్ట్‌మిన్‌స్టర్ వంటి చోట్ల రాజుగారి పనుల్లోనే ఉన్నవాళ్లను మాత్రం ముట్టకూడదు. 1348లో మొదలైన ప్లేగు ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టేసింది, చేతి పనివాళ్లు దొరకడమే గగనం. అలాంటి రోజుల్లో కోట లేపాడంటే ఎంత గట్టిపిండమో ఊహించుకోవచ్చు.

రాజు అతనికి బహుమానాలిచ్చింది చర్చి సొమ్ముతో. ఒక్కో పదవికీ ఒక్కో ఆదాయం. అక్కడికి వెళ్లి పూజ చేయాల్సిన పని లేదు. 1366లో పోప్ ఆదేశం మేరకు లెక్క చెప్పాల్సి వచ్చినప్పుడు ఏడాదికి 873 పౌండ్ల పైచిలుకు తేలింది. మరుసటి ఏడాదికల్లా ఇంగ్లండ్‌లోకెల్లా సంపన్నమైన బిషప్ పీఠం, ఛాన్సలర్ పదవి రెండూ దక్కాయి. చదువుకున్న పాదిరీలకు కడుపు మండదా మరి!

ఫ్రాన్స్‌తో యుద్ధం వికటించడంతో 1371లో పార్లమెంటు పాదిరీ మంత్రుల మీద విరుచుకుపడింది. వికమ్ తప్పుకున్నాడు. అసలు దెబ్బ 1376లో కొట్టింది రాజుగారి కొడుకు జాన్ ఆఫ్ గాంట్. జాన్ గ్రే అనే ఆసామి కట్టాల్సిన 80 పౌండ్ల రుసుమును రికార్డులో రాతలు మార్చి సగానికి తగ్గించాడన్నది తేలిన నేరం. ఆస్తులు జప్తయ్యాయి, రాజసభకు 20 మైళ్ల లోపు అడుగుపెట్టకూడదన్నారు. నా మటుకు నాకు ఇది న్యాయం కన్నా కక్షసాధింపులాగే కనిపిస్తుంది, వికమ్ పులుకడిగిన ముత్యం కాకపోయినా. లండన్ బిషప్ కోర్టెనే నాయకత్వంలో తోటి మతాధికారులు అతని పక్షాన నిలిచారు. 1377 జూన్‌లో ఎడ్వర్డ్ కన్నుమూయడానికి మూడు రోజుల ముందు ఆస్తులు తిరిగొచ్చాయి.

ఆ ఆస్తితో చేసిన పనే అతని పేరు నిలబెట్టింది. ప్లేగుతో పల్చబడ్డ పాదిరీల బలగాన్ని నింపాలని 1379లో ఆక్స్‌ఫర్డ్‌లో న్యూ కాలేజీ, 1382లో వించెస్టర్‌లో బడి స్థాపించాడు. రెండింటిలోనూ 70 మంది విద్యార్థులకు చోటు. బడిలో లాటిన్ వ్యాకరణం వంటబట్టాక ఆక్స్‌ఫర్డ్ చేరాలి. ఇలా బడినీ కాలేజీనీ జంటగా కట్టిన పద్ధతి ఆరో హెన్రీకి నచ్చి, ఈటన్, కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీలకు నమూనా అయింది. 1404లో పోయేదాకా వించెస్టర్ కథీడ్రల్ మధ్యశాలను తిరగగట్టిస్తూనే ఉన్నాడు.

పేద పిల్లల కోసమన్న ఆ చదువుల్లో తన బంధువర్గానికి ముందు చోటివ్వాలని నిబంధన రాసిపెట్టాడు. అంతే, వికమ్ వంశవృక్షంలో ఏదో కొమ్మకు వేలాడామంటూ జనం వరసకట్టారు. 19వ శతాబ్దంలో ఆ హక్కు రద్దయ్యేదాకా ఆ తంతు ఆగలేదు.