పది అరల పెట్టె, గాడిద ఆట

“బాగా కలిపినప్పుడే ముక్కలు అడ్డదిడ్డంగా వస్తున్నాయి సార్. సరిగ్గా కలపకపోతే అందరికీ సమానంగా వస్తున్నాయి. అదేంటి?”

వేసవి సెలవులకు ముందు తొమ్మిదో తరగతి కుర్రాడు అడిగిన ప్రశ్న ఇది. తను చెబుతున్నది గాడిద ఆట గురించి. మా రాజపాళయంలో రాజుల ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగు, బళ్ళో చదివేది తమిళం. అందుకే ఈ ఆటకి ఇంట్లో గాడిద అని, వీధిలో కళుదై అని రెండు పేర్లు. ముక్కలన్నీ పంచేస్తారు. ఒకరు వేసిన గుర్తునే మిగతావాళ్ళూ వెయ్యాలి. ఆ గుర్తు లేనివాడు చేతిలో ఉన్న ఏదో ఒక ముక్కతో కోస్తాడు. దాన్నే ఇక్కడ వెట్టు అంటారు. వెట్టు పడిందంటే, ఆ గుర్తులో అన్నిటికంటే పెద్ద ముక్క వేసినవాడు కింద పడ్డవన్నీ ఎత్తుకోవాలి. చివరికి ముక్కలు ఎవరి చేతిలో మిగిలితే వాళ్ళు గాడిద. ఆ రోజంతా ఇల్లంతా ఆ పేరుతోనే పిలుస్తుంది.

కుర్రాడి ప్రశ్న చాలా మంచిది. జవాబు ఆట ముగిసిన కట్టలోనే ఉంది. నలుగురు ఆడితే, వెట్టు పడని చుట్టులో ఒకే గుర్తు ముక్కలు నాలుగు కలిసి పక్కకి పోతాయి. అలా కట్టలో చాలా భాగం నాలుగేసి ముక్కల గుంపులుగా పేరుకుంటుంది. మనం ఇళ్ళల్లో కలిపే పద్ధతి తెలిసిందే: కట్టను ఒక చేత్తో పట్టుకుని, గుప్పెడు గుప్పెడుగా రెండో చేతిలోకి జారవిడుస్తాం. గుంపులు చోటు మారతాయి తప్ప పెద్దగా విడిపోవు. ఆ కట్టను ఒక్కో ముక్క చొప్పున పంచితే ప్రతి గుంపులోంచీ నలుగురికీ తలా ఒకటి వెళ్తుంది. అందరి చేతుల్లోనూ అన్ని గుర్తులూ ఇంచుమించు సమానమవుతాయి.

నిజంగా కలిస్తే లెక్క వేరు. పదమూడు ముక్కల చేతిలో ప్రతి గుర్తుకీ కనీసం మూడు ముక్కలుండాలంటే 4-3-3-3గా రావడం ఒక్కటే దారి. అది నూటికి పదిన్నర సార్లు మాత్రమే వస్తుంది. మిగతా అన్ని చేతుల్లోనూ ఏదో ఒక గుర్తు రెండు ముక్కలకి మించదు. నూటికి అయిదు చేతుల్లోనైతే ఒక గుర్తు అసలే ఉండదు. బ్రిడ్జ్ క్లబ్బుల్లో కంప్యూటర్ కలిపిన కట్టలు వచ్చినప్పుడు ఆటగాళ్ళు యంత్రం చెడిపోయిందని ఫిర్యాదు చేశారు. యంత్రం సరిగానే ఉంది. వాళ్ళు అన్నేళ్ళూ సరిగ్గా కలవని పేకకి అలవాటుపడ్డారు.

మరి కలపడమనే పనిని యంత్రానికి అప్పజెబితే? ఆ ఆలోచన పాతదే. పేక కలిపే పెట్టెలకి అమెరికాలో పందొమ్మిదో శతాబ్దంలోనే పేటెంట్లున్నాయి. కాసినోల్లో అవి నిలదొక్కుకున్నది మాత్రం 1990ల నుంచి. వాటిలో నాకు ఎంతో ఇష్టమైనది పది అరల పెట్టె. ముక్కలు ఒక్కొక్కటిగా లోపలికి వస్తాయి. ప్రతి ముక్కకీ యంత్రం చీటీ తీసినట్టు పది అరల్లో ఒకదాన్ని ఎంచుతుంది. ఆ అరలో అప్పటికే ఉన్న ముక్కల పైన పెట్టాలా, కింద పెట్టాలా అన్నది కూడా బొమ్మా బొరుసూ వేసినట్టే తేలుతుంది. చివరికి అరలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి కట్ట బయటికిస్తుంది.

చూడ్డానికి ఇంతకంటే బాగా కలపడం ఏముంటుంది అనిపిస్తుంది. తయారీదారుకీ అలాగే అనిపించింది. అయినా అనుమానం తీర్చుకోవడానికి స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలోని పెర్సీ డయాకోనిస్‌ను అడిగారు. ఆయన పద్నాలుగేళ్ళ వయసులో ఇల్లు వదిలి డై వెర్నన్ అనే ఇంద్రజాలికుడి వెంట వెళ్ళి, తర్వాత గణితంలోకి వచ్చిన మనిషి. పేకతో మోసం ఎక్కడ దాగుంటుందో ఆయన చేతులకే తెలుసు.

ఆ యంత్రం చేసే పనిని మేమే చేసి చూద్దామని తరగతి గదిలో పది సాసర్లు పరిచాం. డబ్బాలో పది చీటీలు వేసి, ఒక రూపాయి బిళ్ళ పక్కన పెట్టుకున్నాం. శివకాశిలో అచ్చయిన కట్ట ఒకటి తీసి, ముక్కల మూలల్లో పెన్సిల్‌తో 1 నుంచి 52 దాకా వరసగా రాశాం. ఒక సాసరులో ముందు 3 పడింది అనుకోండి. తర్వాత 11 పైన, 17 కింద, 29 పైన, 40 కింద. పైనుంచి చదివితే 29, 11, 3, 17, 40. దిగి, మళ్ళీ ఎక్కింది. లోయ! ముక్కలు వరసగా వస్తున్నాయి కాబట్టి పైన పెట్టినా కింద పెట్టినా కొత్త ముక్క అంచునే చేరుతుంది, మధ్యలోకి రాలేదు. కాబట్టి ప్రతి అరా ఒక లోయే. పది అరలు కలిస్తే పది లోయలు, వాటి మధ్య తొమ్మిది శిఖరాలు. కట్ట మొత్తంలో దిశ మారే చోట్లు 19కి మించవు. నిజంగా కలిసిన కట్టలోనైతే సగటున 33 చోట్ల మారుతుంది. మేము మూడుసార్లు చేశాం. ప్రతిసారీ పిల్లలు నేల మీద ముక్కలు పరిచి, మలుపు దగ్గరల్లా ఒక చింతగింజ పెట్టి లెక్కేశారు. ఒక్కసారి కూడా 19 దాటలేదు.

ఆ లోయలే రహస్యాన్ని బయటపెడతాయి. అంకెలు దిగుతుంటే తర్వాతది ఇంకా చిన్నదని, ఎక్కుతుంటే ఇంకా పెద్దదని ఊహించాలి. బాగా కలిసిన కట్టను ఒక్కో ముక్కా ఊహించి, వెంటనే తిప్పి చూసుకుంటూ పోతే, ఎంత తెలివైనవాడికైనా సగటున నాలుగున్నర ఊహలే నిజమవుతాయి. ఈ యంత్రం కలిపిన కట్టలో తొమ్మిదిన్నర నిజమవుతాయని డయాకోనిస్, జేసన్ ఫుల్మన్, సుసాన్ హోమ్స్ లెక్కగట్టారు. ఆ వ్యాసం 2013లో అచ్చయింది. ఇంత గట్టి యంత్రం ఇంత చిన్న కిటుకుకి లొంగిపోవడం నాకు ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడిచే విషయం.

మందు కూడా వాళ్ళే చెప్పారు: కట్టను రెండుసార్లు పంపండి. పది అరల్లో రెండుసార్లు పోతే ఇరవై అరలతో సమానం కాదు, రెండు వందల అరలతో సమానం. ఇది చెప్పగానే మా ఊరి పిల్లలకి వెంటనే అర్థమైంది. 1936లో పి.ఏ.సి. రామసామి రాజా రాజపాళయం మిల్స్ పెట్టిన దగ్గర్నుంచి ఇక్కడ నూలు తెలియని ఇల్లు లేదు. మిల్లులో ఆరు నుంచి ఎనిమిది స్లివర్లను (దూది పాయలను) కలిపి సాగదీసే డ్రాయింగ్ మిషన్ ఉంటుంది. దూది ముందు బ్రేకర్‌లోంచి, మళ్ళీ ఫినిషర్‌లోంచి పోతుంది. ఒక్కసారితో నూలు సమంగా రాదు. “మా నాన్న పని చేసేది ఫినిషర్ దగ్గరే” అంది వెనక బెంచీ అమ్మాయి.

చేత్తో కలపడానికీ ఇలాంటి లెక్కే ఉంది. కట్టను రెండు సగాలు చేసి, బొటనవేళ్ళతో అంచులు ఒకదాంట్లోకి ఒకటి జారేలా వదిలితే ఏడుసార్లు చాలని 1992లో డేవ్ బేయర్, డయాకోనిస్ తేల్చారు. మన గుప్పెళ్ళ పద్ధతికైతే పదివేల సార్లు కలపాలంటారు డయాకోనిస్.

కాబట్టి ఈ సెలవుల్లో గాడిద ఆడేవాళ్ళకి నా మాట. పంచేముందు ముక్కల్ని కాదు, కలిపే చేతుల్ని చూడండి. గుప్పెళ్ళతో రెండుమూడుసార్లు జారవిడిచి పంచేస్తే అందరి దగ్గరా అన్ని గుర్తులూ ఉంటాయి. ఆసు, రాజు, రాణి లాంటి పెద్ద ముక్కలు ప్రతి గుర్తులోనూ మొదటి మూడు చుట్లలోనే వదిలించుకోండి. ఏడుసార్లు బొటనవేళ్ళతో కలిపితే మొదటి చుట్టులో ఆసు వెయ్యండి, రెండో చుట్టులో ఆలోచించండి, మూడో చుట్టుకి చిన్న ముక్కే వెయ్యండి. కోసే అవకాశం మీకొస్తే చేతిలో ఉన్న అన్నిటికంటే పెద్ద ముక్కతో కొయ్యండి. వెట్టు తిన్నారా, తర్వాత అదే గుర్తులో మీ దగ్గరున్న చిన్న ముక్క వెయ్యండి. ఆ గుర్తు ఇంకా మిగిలున్నవాడు మీకంటే పెద్దది వేస్తాడు, కోత వాడి మీద పడుతుంది.