ఫ్లారెన్స్ మహాసభ: సంతకాలకు అందని సమైక్యత

క్రీ.శ. 1439వ సంవత్సరము జూలై 6వ తేదీన ఇటలీలోని ఫ్లారెన్స్ నగర ప్రధాన దేవాలయములో ఒక శాసనము రెండు భాషలలో చదువబడినది. లాటిన్ పాఠమును కార్డినల్ చెసరీనీ చదివినాడు. గ్రీకు పాఠమును నైసియా పీఠాధిపతి బెస్సారియోన్ చదివినాడు. దాదాపు నాలుగు శతాబ్దులుగా ఎడమొగము పెడమొగముగా ఉన్న ప్రాచ్య, పాశ్చాత్య క్రైస్తవ సంఘములు ఆనాటితో ఒక్కటియైనవని ఆ శాసన సారాంశము. రోమా పోపు నాలుగవ యూజీనియస్, బైజాంటైన్ చక్రవర్తి ఎనిమిదవ జాన్, ఇద్దరికిని అది విజయదినమే. కాని అంత వైభవముగా ప్రకటింపబడిన ఆ సమైక్యత పట్టుమని పదిహేనేండ్లు నిలువలేదు. విద్వాంసులు నెలల తరబడి చర్చించి వ్రాసుకొన్న ఒడంబడిక ఎందువలన విఫలమైనదో విచారించుటే ఈ ప్రసంగోద్దేశము.

ఈ రెండు సంఘముల తగవు 1054లో పరస్పర బహిష్కారములతో బయటపడినది. ఆనాటి బహిష్కారములు మతాధికారుల నడుమ జరిగినవి. సామాన్య ప్రజల మనస్సులను విరిచినది మాత్రము 1204 నాటి ఘటన. నాలుగవ క్రూసేడుకై బయలుదేరిన పాశ్చాత్య సేనలు దారి మళ్ళి, సాటి క్రైస్తవుల రాజధానియైన కాన్‌స్టాంటినోపుల్‌ను ముట్టడించి కొల్లగొట్టినవి. దేవాలయములు సైతము దోపిడికి గురియైనవి. 1261లో గ్రీకులు తమ నగరమును తిరిగి గెలుచుకొన్నారు గాని, తగిలిన గాయము మానలేదు.

ఆ నగరమును గెలిచిన ఎనిమిదవ మైకేల్ చక్రవర్తియే సంధికి పూనుకొన్నాడు. సిసిలీ రాజు చార్లెస్ తనపై దండెత్తకుండ పోపు అడ్డుపడవలెనని అతని ఆశ. 1274లో లియోన్ నగర మహాసభలో అతని ప్రతినిధులు రోమా ఆధిక్యమును అంగీకరించినారు. స్వదేశములో ప్రజలు, సన్యాసులు ఎదురు తిరుగగా చక్రవర్తి వారిని చెరసాలలో పెట్టించినాడు. 1282లో అతడు మరణించినపుడు స్వంత కుమారుడే అతనికి మత సంస్కారములతో అంత్యక్రియలు జరుపుటకు సాహసింపలేదు. 1285లో గ్రీకు సంఘము ఆ సంధిని త్రోసిపుచ్చినది. రాజు అవసరము కొలది కుదిరిన పొత్తు రాజుతోనే పోయినది.

నూటయేబది యేండ్లు గడచినవి. ఒట్టోమన్ తురుష్కులు నలుదెసల ఆక్రమించుకొనగా, ఒకనాటి మహాసామ్రాజ్యము కొద్దిపాటి నేలగా కుంచించుకొనిపోయినది. 1430లో థెస్సలొనీకా నగరము వారి వశమైనది. పశ్చిమమునుండి సైన్యము రానిదే రక్షణ లేదు. మతైక్యము లేనిదే సైన్యము రాదు. ఈ పరిస్థితిలో 1437 నవంబరులో చక్రవర్తి జాన్, వృద్ధుడును రోగగ్రస్తుడునైన పాట్రియార్క్ జోసెఫ్, పీఠాధిపతులు, పండితులు, పరివారము కలిసి సుమారు 700 మంది ఓడలెక్కినారు. వారిలో ఇద్దరిని మనము ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెను. ఒకరు ఎఫెసు పీఠాధిపతి మార్కు యూజెనికస్. రెండవవారు పైన చెప్పిన బెస్సారియోన్. ఇద్దరును మహావిద్వాంసులు. ఈ మహాసభ కొరకే చక్రవర్తి ఆ ఇద్దరికిని 1437లోనే పీఠములిచ్చినాడు.

1438 ఏప్రిల్‌లో ఫెరారా నగరములో సభ ప్రారంభమైనది. అంతకుముందే మర్యాదల విషయమై చిక్కు వచ్చినది. వచ్చినవారు పోపు పాదమును ముద్దిడవలెనన్నది రోమా ఆచారము. పాట్రియార్క్ జోసెఫ్ అందుకు ససేమిరా అన్నాడు. పోపు పట్టు సడలించి అతనిని సోదరభావముతో ఆదరించినందున పని సాగినది. ఆ తరువాత ఫెరారాలో మహమ్మారి వ్యాపించుట చేతను, ధనమునకు కటకట ఏర్పడుట చేతను 1439 జనవరిలో సభ ఫ్లారెన్స్‌కు తరలినది. గ్రీకుల భోజన వసతులకు పోపు ఇచ్చు భత్యమే ఆధారము. అది తరచు ఆలస్యమయ్యెడిది. ఇంటికి దూరమై, పరుల పెట్టుపోతలపై బ్రతుకుచు ధర్మచర్చ చేయవలసి వచ్చుట ఎంత కష్టమో, ఆ బృందములోని సిల్వెస్టర్ సిరోపులస్ తన స్మృతులలో వ్రాసియుంచినాడు.

వివాదాంశములు ముఖ్యముగా నాలుగు. ప్రభు భోజన సంస్కారమున వాడు రొట్టె పులిసినది కావలెనా, పులియనిది కావలెనా అన్నది ఒకటి. మరణానంతరము ఆత్మలు శుద్ధిపొందు ఉత్తరించు స్థలమును గూర్చినది రెండవది. పోపు అధికారమునకు హద్దెక్కడ అన్నది మూడవది. అన్నింటికంటె జటిలమైనది నాల్గవది. పరిశుద్ధాత్మ తండ్రినుండి బయలుదేరునని 381 నాటి విశ్వాస ప్రమాణము చెప్పుచున్నది. పాశ్చాత్యులు దానికి 'కుమారునినుండియు' అను అర్థమిచ్చు 'ఫిలియోక్వే' అను ఒక్క లాటిన్ పదమును చేర్చినారు. రోమా నగర పూజలో అది 1014లో ప్రవేశించినది.

ఒక్క మాటకు ఇంత కలహమా అని మనకు తోచవచ్చును. చెరువునీరు కాలువ ద్వారా చేనికి పారుచున్నదనుట ఒకటి. చేనికి నీరు చెరువునుండియు, కాలువనుండియు వచ్చుచున్నదనుట మరొకటి. మొదటి మాటలో మూలము ఒక్కటే. రెండవ మాట వినగానే మూలములు రెండేమో అను శంక పుట్టును. గ్రీకుల భయమదియే. తాము కూడ ఒక్క మూలమునే నమ్ముచున్నామని లాటిన్ పండితులు సమాధానమిచ్చినారు. అసలు అందరికిని ఉమ్మడిగా ఉన్న విశ్వాస ప్రమాణములో ఒకరు తమంత తాము మాట చేర్చవచ్చునా అన్నది మార్కు వేసిన మూలప్రశ్న.

ఫ్లారెన్స్‌లో ఈ చర్చ పాఠభేదముల దాక పోయినది. నాల్గవ శతాబ్ది ఆచార్యుడైన బాసిల్ గ్రంథమునకు ఉభయులును వ్రాతప్రతులు తెచ్చినారు. ఒక ప్రతిలో ఉన్న వాక్యము మరొక ప్రతిలో లేదు. ఏది మూలమో, ఏది ప్రక్షిప్తమో తేల్చుటకై దినములు గడచినవి. మార్కు తన ప్రతివాదులు చూపిన ఆధారములను శంకించినాడు. బెస్సారియోన్ మరొక విధముగా ఆలోచించినాడు. ప్రాచ్య, పాశ్చాత్య మహర్షులందరును ఒకే ఆత్మ ప్రేరణచే వ్రాసినవారు. వారి మాటలలో పరస్పర విరోధము ఉండజాలదు. కనుక 'కుమారుని ద్వారా' అన్నను, 'కుమారునినుండి' అన్నను భావమొక్కటే అని అతడు నిశ్చయించుకొన్నాడు. చక్రవర్తియు ఆ దారినే ఒత్తిడి తెచ్చినాడు. జూన్ 10న పాట్రియార్క్ జోసెఫ్ ఫ్లారెన్స్‌లోనే కన్నుమూసినాడు. జూలై 5న గ్రీకు పీఠాధిపతులలో అత్యధికులు సంతకములు చేసినారు. మార్కు చేయలేదు.

ఇక్కడ ఒకరిని ధీరుడనియు, మరొకరిని ద్రోహియనియు నిర్ణయించుట సులభము. కాని అది న్యాయము కాదు. మార్కు మొండితనము చేత వచ్చినవాడు కాడు. సభారంభములో పోపునుద్దేశించి ఐక్యతను ఆకాంక్షించుచు ప్రసంగించినవాడే. బెస్సారియోన్ పదవికై నమ్మకము అమ్ముకొన్నవాడును కాడు. అతడు కార్డినల్ అయిన మాట నిజమే. అయినను చివరివరకు తన జాతి విముక్తికై ఐరోపా రాజుల గడపలు తొక్కినాడు. 1468లో తాను సేకరించిన గ్రీకు గ్రంథములను వెనిస్ నగరమునకు సమర్పించి, గ్రీకు విద్య నశింపకుండ కాపాడినాడు. ఒకరు పూర్వుల మాటను, ఒకరు రాబోవు తరములను దలచినారు.

ప్రతినిధులు 1440లో కాన్‌స్టాంటినోపుల్ చేరునప్పటికి వీధులలో ఆగ్రహము వారికెదురైనది. సంతకము చేసిన వారిలో పలువురు దానిని వెనుకకు తీసుకొన్నారు. చక్రవర్తి జాన్ బ్రతికియుండగా తన నగరములో ఆ శాసనమును బహిరంగముగా చదివింపనే లేదు. కీవ్ మహాపీఠాధిపతి ఇసిడోర్ 1441లో మాస్కోలో దానిని ప్రకటింపగా, అక్కడి ప్రభువు రెండవ వసీలీ అతనిని నిర్బంధించినాడు. అతడు తప్పించుకొని పోయినాడు. 1448లో రష్యా బిషప్పులు కాన్‌స్టాంటినోపుల్ అనుమతి లేకయే తమ అధిపతిని తామే ఎన్నుకొన్నారు. ఒకరిని కలుపబోగా మరొకరు విడిపోయినారు.

ఇక ఆశించిన సైన్యము మాట. 1444లో పాశ్చాత్య సేన వచ్చినది గాని వార్నా యుద్ధమున ఓడినది. లాటిన్ శాసనము చదివిన చెసరీనీ ఆ యుద్ధములోనే మరణించినాడు. 1452లో ఇసిడోర్ సుమారు 200 మంది సైనికులతో కాన్‌స్టాంటినోపుల్ చేరినాడు. ఆ డిసెంబరు 12న సెయింట్ సోఫియా ఆలయములో సమైక్యత ప్రకటింపబడినది. విశ్వాసులనేకులు అటుపై ఆ ఆలయపు గడప తొక్కలేదు. 1453 మే 29న నగరము తురుష్కుల వశమైనది. ఫ్లారెన్స్‌లో సంధిని సమర్థించి, పిమ్మట మార్కు పక్షము చేరిన స్కొలారియోస్‌ను సుల్తాను రెండవ మెహ్మెద్ 1454లో పాట్రియార్కుగా నియమించినాడు. 1484లో గ్రీకు సంఘము ఫ్లారెన్స్ సంధిని లాంఛనముగా రద్దుచేసినది.

లియోన్‌లోను, ఫ్లారెన్స్‌లోను జరిగిన పొరపాటొక్కటే. భయము చేత తొందరపడిన నాయకులు, 1204ను మరువని ప్రజలను వెంట తీసుకొనిపోలేదు. గుడికి వచ్చి మ్రొక్కువాని సమ్మతి ఏ సంతకములోను లేదు. 1965 డిసెంబరు 7న పోపు ఆరవ పాల్, పాట్రియార్క్ అథెనగోరస్ 1054 నాటి బహిష్కారములను స్మృతిపథమునుండి తొలగించుచున్నామని ప్రకటించినారు. ఐక్యత కుదిరినదని వారు చెప్పలేదు. ఎవరిని ఏమియు ఒప్పుకొమ్మనలేదు. నాటికిని నేటికిని సంఘములు వేరువేరుగానే ఉన్నవి. అయినను సేనల ఆశ గాని, భత్యముల చింత గాని లేని ఆ చిన్న ప్రకటనను రద్దు చేయవలసిన అవసరము ఇంతవరకు ఎవరికిని కలుగలేదు.