అయస్కాంతం కూడా చస్తుందా?

(తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి)

పోయిన వేసవిలో మా బోరు మోటారు ఆగిపోయింది. మాది అనంతపురం జిల్లాలో ఒక మెట్ట పల్లె. నాలుగెకరాల చీనీ తోటకు సోలారు పంపే ఆధారం. మోటారును పైకి లాగి విప్పి చూసిన మెకానిక్, "వైండింగు బాగానే ఉంది, లోపలి అయస్కాంతాలే చచ్చిపోయాయి" అన్నాడు. మా నాయన నా వైపు తిరిగి, "ఏమిరా, అయస్కాంతం గూడా సస్తాదా? నువ్వు చదివేది అదే గదా?" అని అడిగాడు. నలుగురి ముందు జవాబు చెప్పలేకపోయాను. కొత్త మోటారు వచ్చేసరికి మూడు వారాలు పట్టింది. అప్పటికి గట్టు పక్క రెండు వరుసల చెట్లు ఎండిపోయాయి. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ కాలేజీ లైబ్రరీలో చదివిన సంగతులే ఈ వ్యాసం.

ఇనుము, కోబాల్టు వంటి లోహాలలో ఒక్కొక్క పరమాణువూ ఒక చిన్న అయస్కాంతం. అవి ఒకే దిక్కుకు నిలబడితేనే లోహపు ముక్క అయస్కాంతమవుతుంది. వేడి అంటే పరమాణువుల ఊగులాటే గనుక, వేడి పెరిగేకొద్దీ ఆ వరుస చెదురుతుంది. ఒక ఉష్ణోగ్రత దాటితే వరుస అన్నదే మిగలదు. దానిని క్యూరీ ఉష్ణోగ్రత అంటారు. ఇనుముకు అది 770 డిగ్రీల సెల్సియస్, కోబాల్టుకు సుమారు 1,120.

అయితే ఇదొక్కటే చాలదు. ఇనుప మేకును అయస్కాంతానికి రుద్దితే కాసేపు గుండుసూదులను ఎత్తుతుంది, తర్వాత మరచిపోతుంది. ఇనుముకు బలముంది గాని దిక్కుమీద పట్టు లేదు. మంచి అయస్కాంతానికి ఈ రెండూ కావాలి.

ఆ పట్టు ఇచ్చేవి విరళ మృత్తిక లోహాలు. ఆవర్తన పట్టికలో అడుగున విడిగా వేసే వరుస అది. వాటి అయస్కాంతత్వం 4ఎఫ్ ఎలక్ట్రాన్‌ల వల్ల వస్తుంది. ఆ ఎలక్ట్రాన్‌లు పరమాణువు లోలోపల దాగి ఉంటాయి గనుక ఇరుగు పొరుగు పరమాణువులతో సంబంధం తక్కువ. అందుకే ఒంటరిగా ఉంటే వీటి వరుస తొందరగా చెదిరిపోతుంది. గడోలినియం క్యూరీ ఉష్ణోగ్రత సుమారు 20 డిగ్రీలే. సమేరియమైతే మామూలు గది వేడిలో అయస్కాంతమే కాదు.

1966లో అమెరికాలోని ఓహాయో రాష్ట్రంలో, వైమానిక దళ పరిశోధనశాలలో పనిచేసే కార్ల్ స్ట్రనాట్, హాఫర్ అనే శాస్త్రజ్ఞులు ఒక పాలు యిట్రియం, ఐదు పాళ్లు కోబాల్టు ఉన్న సమ్మేళనాన్ని పరీక్షించారు. యిట్రియానికి సొంత అయస్కాంతత్వం లేదు. అయినా ఆ స్ఫటికం ఒకే అక్షాన్ని గట్టిగా పట్టుకుని ఉండడం వారు చూశారు. యిట్రియం స్థానంలో సమేరియం పెడితే ఆ పట్టు ఇంకా బాగా పెరిగింది.

దీనికి కారణం స్ఫటిక నిర్మాణం. ఒక పొరలో సమేరియం చుట్టూ కోబాల్టు పరమాణువులు షడ్భుజిగా కూర్చుంటాయి. దానిపై పొర అంతా కోబాల్టే. మళ్లీ మొదటి పొర. ఇలా ఒకటికి ఐదు నిష్పత్తి కుదురుతుంది. సమేరియం 4ఎఫ్ ఎలక్ట్రాన్ మేఘం బంతిలా గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డులా పొడుగ్గా ఉంటుంది. చుట్టూ ఉన్న పరమాణువుల విద్యుత్ క్షేత్రం ఆ గుడ్డును నిలువు అక్షం మీద నిలబెడుతుంది. పక్కకు ఒరగనివ్వదు. కోబాల్టు పరమాణువులేమో ఒకదానినొకటి గట్టిగా పట్టుకుని, సమేరియాన్ని కూడా తమ వరుసలోకి లాగుతాయి. ఒక కాడికి కట్టిన రెండెద్దుల్లో ఒకటి బలం పెడుతుంది, రెండోది సాలు తప్పనివ్వదు. ఇదీ అలాంటిదే. ఆ దిక్కును పూర్తిగా అడ్డంగా తిప్పాలంటే 25 టెస్లాలకు పైబడిన క్షేత్రం కావాలి. ఆస్పత్రుల్లోని ఎం.ఆర్.ఐ. యంత్రాలలో సాధారణంగా ఉండేది 1.5 టెస్లా.

ఏ ఎద్దును కట్టినా సరిపోదు సుమా. గడోలినియం వంటి బరువైన విరళ మృత్తికలు కోబాల్టుకు ఎదురు దిక్కుకు తిరిగి, మొత్తం బలాన్ని తగ్గిస్తాయి.

ఇందులో ఒక చక్కని లెక్క కూడా ఉంది. మూడు సమేరియం, పదిహేను కోబాల్టు తీసుకుని, ఒక సమేరియాన్ని తీసేసి ఆ చోట జంట కోబాల్టును పెడితే రెండుకు పదిహేడు అవుతుంది. ఈ రెండో సమ్మేళనం క్యూరీ ఉష్ణోగ్రత 800 డిగ్రీలు దాటుతుంది. దీని ఆధారంగా చేసిన అయస్కాంతాలు 300 డిగ్రీల వేడిలో కూడా పనిచేస్తాయి.

మరి మా మోటారులో ఇవి ఎందుకు లేవు? ఖరీదు వల్ల. 1978లో జైరేలోని షాబా ప్రాంతంలో జరిగిన యుద్ధంతో కోబాల్టు ధర ఆకాశానికంటింది. కోబాల్టు లేని అయస్కాంతం కోసం వెతుకులాట మొదలై, 1980ల తొలి సంవత్సరాల్లో జపాన్, అమెరికాలలో నియోడిమియం-ఇనుము-బోరాన్ అయస్కాంతం పుట్టింది. మామూలు వేడిలో బలంలో దానికి సాటి లేదు, ధర కూడా తక్కువ. కాని దాని క్యూరీ ఉష్ణోగ్రత 312 డిగ్రీలే. సాధారణ రకాలు 80 డిగ్రీలు దాటితేనే బలం కోల్పోవడం మొదలుపెడతాయి. మా మోటారులోనివి ఈ జాతివే. బోరులో నీళ్లు అడుగంటాక కూడా మోటారు ఒట్టిగా తిరిగింది. చల్లబరిచే నీరు లేక కాగిపోయింది.

విమానాలు, క్షిపణులు, ఉపగ్రహాల వంటి చోట్ల మాత్రం సమేరియం-కోబాల్టునే నమ్ముకుంటారు. ఈ అయస్కాంతాలు తయారుచేసే కర్మాగారం మన విశాఖపట్నంలోనే, భాభా అణు పరిశోధన కేంద్రం ఆవరణలో 2023 మేలో జాతికి అంకితమయింది. మన తీరపు ఇసుకలో దొరికే మోనజైట్‌లో సమేరియం ఉంది. కోబాల్టు మాత్రం బయటినుంచి రావలసిందే.

సంక్రాంతి సెలవులకు వెళ్లినప్పుడు నాయనకు చెప్పాను. "అయస్కాంతం చావలేదు నాయనా, వేడికి లోపలి వరుస చెదిరింది. పెద్ద క్షేత్రంలో పెడితే మళ్లీ నిలబడుతుంది." నాయన అంతా విని, "వరుస సరే, నీళ్లు లేనప్పుడు దాన్ని ఆపేదెట్లో అది చూడు" అన్నాడు. కొత్త మోటారు కంట్రోలరు పెట్టెలో నీళ్లు తగ్గితే ఆపే అమరిక ఉంది. బిగించినవాళ్లు దాన్ని పనిలో పెట్టలేదు. ఆ సాయంత్రమే పుస్తకం చూసి సరిచేశాను. ఎండిన రెండు వరుసల్లో ఈ వానలకు కొత్త మొక్కలు నాటాలి.