కడుపు నిండిన వంటలు

సంక్రాంతినాడు కృష్ణా డెల్టాలోని ఇండ్లలో విస్తరిపై చేరు వంటకములను పరికించి చూచినచో ఒక విశేషము కనబడును. గుత్తివంకాయ కూర, పూర్ణపు బూరెలు, బొబ్బట్లు, కజ్జికాయలు, ఇవి అన్నియు మరొక వస్తువును కడుపులో దాచుకొన్నవే. పైకి కనబడునది ఒకటి, నోటికి అందునది వేరొకటి. విందునకు వచ్చినవారికి ఆ చిన్న ఆశ్చర్యమే పండుగ.

ఈ విద్య మన ఒక్కరిదే కాదు. టర్కీ దేశమున వంకాయలలోను, బుట్టమిరపలలోను బియ్యమో మాంసమో కూరి వండుదురు. దానిని డోల్మా అందురు. నిండినది అనియే ఆ మాటకు అర్థము. మన గుత్తివంకాయకు పాటలో సైతము చోటు దొరకినది. విజయవాడ పటమటలో జన్మించిన కవి బసవరాజు అప్పారావు (1894-1933) ఆ కూరపై వ్రాసిన గేయము తెలుగువారికి చిరపరిచితము.

కూరిన వంటలలో రుచి యెంతయో జాగ్రత్తయు అంత కావలెను. నా చిన్నతనమున పామర్రులో మా మేనత్తగారి ఇంట పండుగకు చేరియుంటిమి. బందరు రోడ్డుమీదుగా రావలసిన చుట్టములు అనుకొన్న వేళకంటె ముందే దిగిరి. "అమ్మాయీ, పూర్ణము ఇంకను చేతికి అంటుకొనుచున్నది, కాసేపు ఆగమ్మా" అని అత్తయ్య చెప్పుచునే యున్నది. "వాళ్లు ఆకలితో ఉన్నారు అత్తయ్యా" అని వదిన బూరెలు నూనెలో వదలెను. మూడవ వాయిలో ఒక బూరె పగిలి, కాగిన నూనె ఆమె మణికట్టుపై చిందెను. ఆ మచ్చ నేటికిని ఉన్నది.

ఆ బూరె ఏల పగిలెను? నీరు ఆవిరియైనపుడు సుమారు 1,600 రెట్లు వ్యాపించును. పూర్ణములో మిగిలిన తడి వేడి నూనెలో ఆవిరిగా మారును. పైనున్న పిండి అప్పటికే గట్టిపడి దారి ఇయ్యదు. బలహీనమైన చోట చీల్చుకొని ఆవిరి బయటపడును. కావున కూరిన పిండివంటలకు మొదటి సూత్రము ఇది: లోపలిది ముందే ఉడికి, తడి ఆరి, చల్లబడి ఉండవలెను. పొయ్యిపై పక్వము కావలసినది పైపొర మాత్రమే.

ఈ సూత్రమును బూరెలకు అన్వయింతము. గ్లాసెడు శనగపప్పును నానబెట్టి, పలుకు వ్రేళ్లమధ్య నలుగునంతవరకు ఉడికించి, నీటిని పూర్తిగా వార్చవలెను. ఆ నీటితో చారు పెట్టుకొనవచ్చును. పప్పును మెత్తగా రుబ్బి, గ్లాసెడు బెల్లపు తురుము చేర్చి, గిన్నె అంచులను వదలి ముద్దయగువరకు సన్నని సెగపై కలియబెట్టవలెను. ఏలకుల పొడి వేసి, చల్లారిన పిమ్మట నిమ్మకాయంత ఉండలు చేయవలెను. చేతికి అంటుకొన్నచో అది ఇంకను సిద్ధము కాలేదు. పైపిండికి ఒక వంతు మినపపప్పు, రెండు వంతుల బియ్యము నానబెట్టి గట్టిగా రుబ్బవలెను. పిండి పలుచనైనచో పూర్ణము నూనెలోనికి జారి మాడును. తినునపుడు బూరెకు బొటనవ్రేలితో గుంట చేసి నెయ్యి పోయు ఆచారమును మరువరాదు.

గుత్తివంకాయకు సూత్రము ఇదియే. ధనియాలు, శనగపప్పు, మినపపప్పు, ఎండుమిరపకాయలు, నువ్వులు, ఎండుకొబ్బరి దోరగా వేయించి, ఉప్పు, చింతపండు చేర్చి పొడి చేయవలెను. అనగా లోపలి కారము పొయ్యికి ఎక్కకముందే పక్వమైనది. లేత కాయలను తొడిమ విడకుండ నాలుగు పక్షములుగా చీల్చి ఉప్పునీటిలో వేసినచో నల్లబడవు. నీరు ఓడ్చి, కారము కూరి, మూతపెట్టి సన్నసెగపై మగ్గనీయవలెను. తొందరపడి గరిటెతో కలిపినచో కూరినదంతయు బయటకు వచ్చును.

కజ్జికాయలలోని కొబ్బరి బెల్లములను గాని, వేయించిన శనగపప్పు పొడిని గాని ఎంత పొడిగా ఉంచిన అన్నినాళ్లు నిలువయుండును.

సూత్రము చేతికి చిక్కినచో క్రొత్త వంటలు వాటంతట అవియే తోచును. ఉడికించిన చిలగడదుంపను బెల్లముతో దగ్గరపడనిచ్చి బొబ్బట్లలో పెట్టవచ్చును. గుత్తివంకాయ కారమునే బుట్టమిరపలో కూరవచ్చును.

క్రిస్మసు విందునకు కోడిని కూరి వండువారు మాత్రము వేరొక సంగతి గమనింపవలెను. అక్కడ పైనున్న మాంసము పచ్చిదే. దాని రసము లోపలి పదార్థములోనికి దిగును. కాబట్టి మాంసముతోపాటు కూరినదాని నడిబొడ్డుకు సైతము 74 డిగ్రీల సెంటీగ్రేడు వేడి తగులవలెను. కూరును వేరుగా వండి ప్రక్కన వడ్డించుట మరింత క్షేమము.

ఒకవేళ నూనె చిందినచో పసుపు, సిరా పూయరాదు. గాజులు, ఉంగరములు తీసివేసి, కాలినచోటును ఇరువది నిమిషములు చల్లని ధారక్రింద ఉంచవలెను. గాయము పెద్దదైనచో వైద్యుని చూడవలెను.

ఇప్పటికిని వదిన ప్రతి సంక్రాంతికి బూరెలు వండును. చుట్టములు వాకిట నిలిచినను, ఒక ఉండను అరచేత ఒత్తి చూడనిదే బాణలి దగ్గరకు పోదు. విందు గడియసేపు ఆలస్యమైనను ఎవరును నొచ్చుకొనరు.