మీ గురించి రాయమంటే పెన్ను ఆగిపోతోందా?

పేరు, ఊరు, కాలేజీ, మార్కులు... ఇవన్నీ చకచకా నింపేస్తారు. ఆ కిందే ఒక పెద్ద ఖాళీ గడి ఉంటుంది. 'మా సంస్థలోనే ఇంటర్న్‌షిప్ ఎందుకు చేయాలనుకుంటున్నారు? 250 పదాలకు మించకుండా రాయండి.' అక్కడికొచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది.

'అమ్మా, ఏం రాయనే?' అని వంటింట్లోకి వస్తుంది అమ్మాయి.

'నాకేం తెలుసే తల్లీ? మీ సీనియర్ అక్కనెవరినైనా అడుగు' అంటుంది అమ్మ.

సీనియర్ తను రాసిందే పంపిస్తుంది. ఆమెకి అది ఇంకో సీనియర్ ఇచ్చింది. సంస్థ పేరొక్కటి మార్చేసి పంపేస్తారు. నెల గడుస్తుంది, జవాబు రాదు. 'మనకి రికమండేషన్ లేదుగా, అందుకే రాలేదు' అని సర్దిచెప్పుకుంటారు. కొన్నిసార్లు అది నిజమే కావచ్చు. కానీ చాలాసార్లు అసలు లోపం ఆ గడిలోనే ఉంటుంది.

లా చదివే పిల్లలకు ఇంటర్న్‌షిప్ సరదా వ్యవహారం కాదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నాటి నిబంధనల ప్రకారం మూడేళ్ల కోర్సు వాళ్లు కనీసం 12 వారాలు, ఐదేళ్ల కోర్సు వాళ్లు 20 వారాలు చేసి తీరాలి. ఇంట్లో లాయర్లున్న పిల్లలకు దారి తేలిక. లేనివాళ్లకు ఆ ఖాళీ గడే తలుపు. దాన్ని ఎలా తట్టాలో చూద్దాం.

పేరు మార్చి చూడండి

'చిన్నప్పటి నుంచీ నాకు న్యాయమంటే మక్కువ. సమాజానికి సేవ చేయడమే నా ధ్యేయం. మీది దేశంలోనే పేరున్న సంస్థ. మీ దగ్గర పనిచేస్తే ఎంతో నేర్చుకోవచ్చు.'

ఇందులో తప్పేముంది అంటారా? తప్పేమీ లేదు. అసలు విషయమే లేదు. ఈ నాలుగు వాక్యాల్లో సంస్థ పేరు తీసేసి ఇంకో సంస్థ పేరు పెట్టండి. ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు కదూ? మీ పేరు తీసేసి మీ పక్కింటి అమ్మాయి పేరు పెట్టండి. అప్పుడూ సరిపోతుంది. అలాంటి జవాబు చదివేవాళ్లకు మీ గురించి ఏమీ చెప్పదు.

కాబట్టి ముందు ఆ సంస్థ ఏం పని చేస్తుందో తెలుసుకోండి. కొన్ని ఎక్కువగా కోర్టు కేసులు చూస్తాయి. కొన్ని కంపెనీల ఒప్పందాలు రాస్తాయి. ఇంకొన్ని పన్నులు, భూముల కొనుగోళ్లు, ట్రేడ్‌మార్కుల పని చూస్తాయి. ఒప్పందాలు రాసే సంస్థకి 'కోర్టులో వాదించాలని నా కోరిక' అని రాస్తే, బట్టల కొట్టుకెళ్లి బెల్లం అడిగినట్టే ఉంటుంది.

ఆ తర్వాత, ఆ పనికి మీ దగ్గర పనికొచ్చేదేముందో చూసుకోండి. 'ఏమీ లేదండీ' అనకండి. హైదరాబాదులోనో విజయవాడలోనో ఒక కంపెనీ భూమి కొనాలంటే పాత లింకు డాక్యుమెంట్లు, ఈసీలు, పట్టాదారు పాసు పుస్తకాలు, అడంగళ్లు, పహాణీలు తిరగెయ్యాలి. వాటిలో చాలా భాగం తెలుగులోనే ఉంటుంది. పెద్ద నగరంలో ఇంగ్లీషు చదువు చదివిన పిల్లలు కొందరు పాత దస్తావేజు భాష చూసి బిక్కమొహం వేస్తారు. 'మా తాతగారి దస్తావేజులు నేనే చదివిపెట్టేదాన్ని. అందులో హద్దులు ఎలా రాస్తారో తెలుసు' అని మీరు రాయగలిగితే అది గొప్ప అర్హత. చిన్న ఊరి చదువు అన్నిచోట్లా లోటు కాదు.

కష్టం గురించి అడిగితే...

'మీకు ఎదురైన ఒక కష్టం, దాన్ని మీరు దాటిన తీరు రాయండి.' పిల్లల్ని ఎక్కువ తికమకపెట్టే ప్రశ్న ఇది. కొందరు 'నాకేం కష్టాలు రాలేదు' అనుకుంటారు. కొందరు కష్టమంతా ఏకరువు పెట్టి, తాము చేసింది చెప్పడం మర్చిపోతారు.

ఒక అమ్మాయి ఇలా రాసిందనుకుందాం.

'నేను ఇంటర్ చదివేటప్పుడు మా అమ్మ కట్టిన చీటీ మునిగిపోయింది. చీటీ నడిపినామె రాత్రికి రాత్రే ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయింది. అమ్మ దగ్గర మిగిలింది ఒక చిన్న నోటు పుస్తకం. నెలనెలా కట్టిన మొత్తం, పక్కన ఆమె సంతకం అందులో ఉన్నాయి. నేను చీటీలో ఉన్న మిగతా వాళ్ల ఇళ్లకి వెళ్లి వాళ్ల పుస్తకాలూ చూసి, ఎవరు ఏ తేదీన ఎంత కట్టారో పట్టిక వేశాను. పోలీసు స్టేషన్లో ఫిర్యాదుకి ఆ పట్టికనే జత చేశారు. డబ్బు పూర్తిగా రాలేదు. చీటీ నడపాలంటే ముందుగా అనుమతి, రిజిస్ట్రేషన్ ఉండాలని 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం చెబుతోందని నాకప్పుడే తెలిసింది. డబ్బు కట్టకముందు అడగాల్సిన ప్రశ్నను మేం మునిగాక అడిగాం. నేను లా చదవడానికి కారణం అదే.'

చూశారా? 'నాకు ఓపిక ఉంది, శ్రద్ధ ఉంది' అని ఆ అమ్మాయి ఎక్కడా రాసుకోలేదు. ఆ పట్టిక చూస్తే మనకే తెలుస్తోంది. గెలిచానని గొప్పలూ పోలేదు. కష్టానికి రెండు వాక్యాలు, చేసిన పనికి మిగతావి. ఈ కొలత గుర్తుంచుకోండి.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. 'ఇంటి గుట్టు ఊరికి చెబుతావా?' అని అమ్మ నొచ్చుకోవచ్చు. ఆ నొప్పి నిజమైందే. అమ్మని అడక్కుండా ఆమె కథ రాయకండి. ఆమె వద్దంటే మానేయండి, ఇంకోటి దొరుకుతుంది. ఆమె సరేనన్నా, రేపు ఇంటర్వ్యూలో ముక్కూమొహం తెలియని పెద్దలు అడిగితే గొంతు వణక్కుండా చెప్పగలిగినంతే కాగితం మీద పెట్టండి. వాళ్లు జాలిపడాలని కాదు కదా మీరు రాసేది.

చట్టం గురించి అడిగితే...

'ఈ మధ్య మిమ్మల్ని ఆలోచింపజేసిన తీర్పు ఏది?' అనీ అడుగుతారు. తీర్పు సారాంశం వాళ్లకూ తెలుసు. వాళ్లకు కావలసింది మీ ఆలోచన.

ఉదాహరణకి, ఉమ్మడి హిందూ కుటుంబ ఆస్తిలో కూతురి హక్కు తీసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 1986లో చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచే వర్తించేలా ఆ హక్కునిచ్చింది. కానీ అప్పటికే పెళ్లయిన ఆడపిల్లలకు ఇవ్వలేదు. 2005లో కేంద్రం చేసిన సవరణ ఆ తేడా తీసేసింది. 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న సందేహాన్ని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్చింది. ఈ హక్కు పుట్టుకతో వచ్చేది కాబట్టి తండ్రి బతికి ఉండనక్కర్లేదని చెప్పింది.

ఇంతవరకు రాస్తే పాఠం అప్పజెప్పినట్టే. ఇంకో అడుగు వేయండి. 'అన్నదమ్ములు ముగ్గురూ సంతకం పెట్టారు కాబట్టి భూమి కొనేయొచ్చు అనుకునే కంపెనీ ఇప్పుడు ఆ ఇంటి ఆడపిల్లల గురించి కూడా అడగాలి. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు అయిన భాగపంపకం ఉందా అని చూడాలి' అని రాశారనుకోండి. మీరు చట్టం చదవడమే కాదు, క్లయింటు వైపు నుంచి ఆలోచిస్తున్నారని తెలిసిపోతుంది. మీ అత్తయ్యల సంగతి మీ ఇంట్లో ఎలా జరిగిందో గుర్తొస్తే ఆలోచన ఇంకా పదునెక్కుతుంది.

అమ్మలకొక మాట

జవాబు మీరు చెప్పి రాయించకండి. ప్రశ్నలు మాత్రం మీరే అడగండి. 'ఆ రోజు ఏం జరిగింది? నువ్వేం చేశావు? ఆ తర్వాత?' అని. అమ్మాయి తెలుగులో గబగబా చెప్పేస్తుంది. ఆమె చెబుతుంటే ముఖ్యమైన మాటలు ఒక కాగితం మీద రాసిపెట్టండి. తర్వాత ఆమే దాన్ని ఇంగ్లీషులో చిన్న చిన్న వాక్యాల్లో రాసుకుంటుంది. మొదటే ఇంగ్లీషులో ఆలోచిస్తే గైడులోని మాటలే దొర్లుతాయి.

ఇప్పుడు ప్రశ్న కొడితే కంప్యూటరే జవాబు రాసిపెడుతోంది. అక్షరదోషాలు చూసుకోవడానికి వాడుకుంటే ఫరవాలేదు. మొత్తం దానిచేతే రాయిస్తే మళ్లీ అది సీనియర్ అక్క జవాబులాగే తయారవుతుంది. పైగా ఇంటర్వ్యూలో 'దీని గురించి ఇంకొంచెం చెప్పమ్మా' అంటే చెప్పాల్సింది మన పిల్లే కదా!

పంపేముందు ఇవి చూసుకోమనండి. సంస్థ పేరు సరిగ్గా ఉందా? పాత అప్లికేషన్లోని ఇంకో సంస్థ పేరు ఎక్కడైనా మిగిలిపోయిందా? పదాల లెక్క దాటిందా? అడిగిన ప్రశ్నకే జవాబు రాశామా? ఒకసారి పైకి చదివితే సగం తప్పులు చెవికే దొరుకుతాయి.

ఇంకో సంగతి. ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామని ముందే డబ్బు అడిగేవాళ్లను నమ్మకండి. పని చేసే చోట లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ట్రైనీలుగా పనిచేసేవాళ్లకూ వర్తిస్తుంది. పదిమంది, అంతకు మించి పనిచేసేచోట ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండి తీరాలి. చేరిన మొదటి రోజే ఆ కమిటీలో ఎవరున్నారో అడిగి తెలుసుకోవడం మీ అమ్మాయి హక్కు. అందులో మొహమాటం వద్దు.

ఒకప్పుడు ఇలా అప్లికేషన్ నింపే అవకాశమే మన ఆడవాళ్లకు లేదు. లా పట్టా చేతిలో ఉన్నా, 1916లో కలకత్తా హైకోర్టు రెజీనా గుహను, 1921లో పాట్నా హైకోర్టు సుధాంశుబాల హజ్రాను ఆడవాళ్లన్న కారణంగానే ప్లీడర్లుగా ఒప్పుకోలేదు. 1923లో చట్టం వచ్చాకే ఆ అడ్డు తొలగింది.

అందుకే మొదటి అప్లికేషన్‌కి జవాబు రాలేదని డీలా పడకండి. రాసింది దాచుకోండి. నెల తర్వాత తీసి చదవండి. అందులో మీరు కాక ఇంకెవరైనా రాయగలిగిన వాక్యం కనిపిస్తే కొట్టేయండి. ఆ జాగాలో మీకు మాత్రమే తెలిసిన సంగతి ఒకటి రాసి, మళ్లీ పంపండి.