విక్టోరియా పబ్లిక్ హాలు – ఒక ప్రేక్షకుడు

చెన్నపురిలోని విక్టోరియా పబ్లిక్ హాలునకు 1883లో శంకుస్థాపన మొనర్చినవారు విజయనగర ప్రభువు ఆనందగజపతి. 1891లో ఆ హాలున బళ్లారి సరసవినోదినీ సభవారు తెలుగు నాటకముల నాడిరి. సభానాయకులు ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు వృత్తిచే వకీలు. ప్రదర్శనమును చూడవచ్చిన పమ్మల్ సంబంధ మొదలియారు అప్పటికి పదునెనిమిదేండ్ల యువకుడు. నాటకములయెడ అంతవరకు ఏవగింపు గల ఆతడు, విద్యావంతులే వేషములు ధరించుట గాంచి విస్మితుడయ్యెను. ఆ యేడే ఆతని పూనికతో సుగుణవిలాస సభ వెలసినది. విద్యాధికులు నడపిన తమిళ నాటక సమాజములకు అది మార్గదర్శక మయ్యెను.

మన నాటక చరిత్రలు కర్తలను, కృతులను పేర్కొనును గాని ప్రేక్షకుని విస్మరించును. తెలుగు నాటకము పరభాషా రంగస్థలముపై నెరపిన ప్రభావము ఇచ్చట ప్రేక్షకుని మూలముననే తెలియవచ్చుచున్నది. కావున పరిశోధకులు చూచినవారి స్మృతులను గూడ ఆధారములుగా గ్రహింపవలెను.